పీతల లంఖణం

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. నాకు దొరికినది అర్ధంతో సరిపెట్టుకునే రకం కాదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి దానికి తొమ్మిదేళ్ళు. వచ్చిన రెండో రోజే నా పెట్టె తెరిచి, లోపలి బట్టలన్నీ బయటకు లాగి, తనకు నచ్చినట్టు మళ్ళీ మడతలు పెట్టి, "వదినా, నీకు సర్దుకోవడం రాదు" అంది. ఇప్పుడు దానికి యాభై ఏడు, నాకు అరవై ఎనిమిది. ఇంకా నన్ను సర్దుతూనే ఉంది.

మా పేటలో దాన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ముడులమ్మ. బతికున్న పీతను వీపు మీద కాలితో నొక్కిపట్టి, తడిపిన పురికొసతో ఒక డెక్కకు ఒక మెలిక, రెండో డెక్కకు ఇంకో మెలిక వేసి, రెండు డెక్కలూ దాని ముఖం ముందుకు మడిచి వెనక ముడి బిగిస్తుంది. మనం దగ్గి గొంతు సవరించుకునేలోగా పని అయిపోతుంది. ముప్ఫై ఏళ్ళలో ఒకే ఒక్క పీత దాని మీద గెలిచింది. ఎడమచేతి చూపుడువేలి చివరి కణుపు ఆ పీతతోనే పోయింది. ఎవరైనా అయ్యో అంటే, "గోరు తీసుకునే పని ఒకటి తగ్గింది" అంటుంది.

పెళ్ళి కాలేదనుకునేరు. అయింది. మూడేళ్ళకే ఆ మనిషి జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటికి తిరిగి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటుంటే మా అత్తగారు ఎక్కడికే అని ఏడుపు అందుకున్నారు. "ఏడుపు సాయంత్రం పెట్టుకుందాం అమ్మా, పొద్దున పని చూసుకోవాలి" అని వెళ్ళిపోయింది. అలా వెళ్ళి చేరింది పీతల షెడ్డులోనే.

ఆ షెడ్డు వ్యాపారం తెలియనివాళ్ళకు వింతగా ఉంటుంది. పీత పెరగాలంటే పాత చిప్ప వదిలెయ్యాలి. కొత్త చిప్ప వచ్చిన పీత చూడటానికి పెద్దదే గాని లోపల నీళ్ళు తప్ప కండ ఉండదు. దాన్ని గుల్లపీత అంటారు, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. మా షెడ్డు ఓనరు అలాంటివాటినే కొని, మూడు నాలుగు వారాలు చేపముక్కలు మేపి, లోపల నిండాక దూరదేశాలకు పంపిస్తాడు. ఒక్కో పీతకు ఒక్కో ప్లాస్టిక్ పెట్టె, ఎందుకంటే రెండింటిని కలిపి పెడితే పొద్దున్నకు ఒకటే మిగులుతుంది. పెట్టెలన్నీ బీరువా సొరుగుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా ఉంటాయి. పైనుంచి ఉప్పునీళ్ళు కారుతూ అన్ని పెట్టెల్లోనుంచీ దిగి, కింద గులకరాళ్ళ తొట్టిలో వడకట్టుకుని, పంపు ఎక్కి మళ్ళీ పైకి వస్తాయి. వరసకు ఇరవై నాలుగు పెట్టెలు, పది వరసలు. నీళ్ళు మాత్రం అందరికీ ఒక్కటే.

ఈ ఏడు వాన మామూలుగా పడలేదు. నాలుగు రోజులు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. ఐదో రోజు తెల్లారేసరికి మా పేటను పట్నంతో కలిపే వంతెన అయితే నిలబడి ఉంది గాని, అవతలివైపు రోడ్డు లేదు. ఇళ్ళలో తిండిగింజలు ఉన్నాయి, కరెంటు స్తంభాలు పడలేదు, మనుషులకు భయం లేదు. భయమంతా పీతలకే. లారీ రావాల్సింది సరిగ్గా ఆ రోజే. లారీ ఎక్కే సరుకుకు రెండు రోజుల ముందే మేత ఆపేస్తారు, కడుపు నిండుగా ఉంటే దారిలో మురికి చేస్తుందని. అంటే అప్పటికే వాటికి రెండు పూటలు కాదు, రెండు రోజులు పస్తు. డెక్కలకు ముడులు పడి ఉన్నాయి. సరుకు వెళ్ళిపోతోంది కదా అని మేతచేప కూడా తెప్పించలేదు. సముద్రం పొంగి ఉంది, ఒక్క పడవ కదలలేదు, ఆ నెలంతా అంతే.

ఓనరు పట్నంలో ఉంటాడు. ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"అక్కా, పోయినసారి సరుకు సగం పోయింది. ఇది కూడా పోతే ఇక నా వల్ల కాదు. షెడ్డు అమ్మేస్తా."

"ఎవరితోనూ బేరం మాట్లాడకు. రోడ్డు వేసేదాకా వీటిని నేను బతికిస్తా."

"ఏం పెట్టి బతికిస్తావ్?"

"ఏమీ పెట్టకుండా."

"ఎన్ని రోజులని?"

"అన్ని రోజులూ" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక చూశాను, మొహంలో నెత్తురు చుక్క లేదు.

షెడ్డు పోతే దానికి తిండికి లోటని కాదు. మా ఇంట్లో దాని కంచం ఎప్పుడూ ఉంటుంది. కాని యాభై ఏడేళ్ళ మనిషిని, వేలు కణుపు తక్కువ మనిషిని, కొత్తగా ఎవడు పనిలో పెట్టుకుంటాడు? ఆ షెడ్డులో అది చెప్పిందే మాట. ఇంట్లో నేను చెప్పిందే మాట. ఆ తేడా దానికి తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన పడవ ఇంజన్లు బాగుచేసి చేసి చెవులు సగం పోగొట్టుకున్న మనిషి. సంగతంతా రెండుసార్లు అరిచి చెప్పాక, "చచ్చేలోగా మనమే వండుకుంటే పోలా?" అన్నాడు.

"ఆకలేస్తే నీ పెళ్ళాన్నడుగు అన్నయ్యా. నా పీతల జోలికొచ్చావంటే నీ చేతులకే ముడి పడుతుంది" అంది అది. ఆ మాట మాత్రం చెవుడు లేకుండా వినిపించింది.

నేను ఊరుకోలేక అడిగాను. "అమ్మాయ్, నోరున్న ప్రాణి తిండి లేకుండా ఎన్నాళ్ళుంటుందే?"

"నీకూ నాకూ పూట తప్పితే ప్రాణం పోతుంది వదినా. దానికి అలా కాదు. పీత పొట్టలో పచ్చటి ముద్ద ఉంటుంది చూశావా, అదే దాని గాదె. తిన్నదంతా అందులో దాచుకుంటుంది. ఇవన్నీ నిండిన పీతలు, గాదెలు నిండుగా ఉన్నాయి. చిప్ప వదిలే ముందు అది ఎలాగూ రోజుల తరబడి నోట ఏదీ పెట్టదు, అలవాటున్న పనే. మొదట గాదె ఖాళీ చేసుకుంటుంది. అదీ అయిపోతే డెక్కల్లో కండ కరిగించుకుంటుంది. మనం చెయ్యాల్సిందల్లా దానికి ఖర్చు పెట్టించకుండా ఉండటం. కదిలించకూడదు, వెలుతురు పడనివ్వకూడదు, నీళ్ళు వేడెక్కనివ్వకూడదు. పోయినేడు ఒకటి తొట్టి వెనక పడిపోయి నలభై రెండు రోజులకు దొరికింది. దొరకగానే ఏం చేసిందో తెలుసా? నా చెప్పు కరిచింది."

ముడులు విప్పలేదు. విప్పితే పెట్టె గోడలతో పోట్లాడి ఉన్న బలం పోగొట్టుకుంటాయట. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టింది. రేకుల కప్పు మీద గోనెసంచులు పరిచి గంటకోసారి తడిపింది. షెడ్డులోకి చెప్పులతో ఎవరూ రాకూడదంది, చప్పుడుకు పీతలు ఉలిక్కిపడతాయని. లంఖణం పరమౌషధం అని అందరికీ చెబుతూ తిరిగింది. తను మాత్రం ఒక్క పూటా మానలేదు. రెండుసార్లు వడ్డించుకుని మరీ తినేది.

పన్నెండో రోజున నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. దాచుకుంటే దాగేది కాదు, పేటంతా తెలిసిందే.

మధ్యాహ్నం దానికి క్యారేజీ తీసుకెళ్ళాను. అది కప్పు మీద సంచులు తడుపుతోంది. లోపల నేనొక్కదాన్నే. చివరి వరసలో ఒక పెట్టె మూత తీసి చూశాను. చేతులు కట్టించుకుని, కళ్ళు రెండూ ముడుచుకుని, మూలకు ఒరిగి ఉంది. కదలదు, మెదలదు. నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, ఆకలితో ఉన్న నోటిని చూసి ఊరుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు. క్యారేజీలో ఉడికించిన గుడ్లు రెండున్నాయి. వాటిని నలిపి, నాలుగు మెతుకులు కలిపి, ఆ వరస ఇరవై నాలుగు పెట్టెల్లోనూ చిటికెడు చిటికెడు వేశాను. మూతలు పెట్టేసి, పుణ్యం చేసుకున్నదానిలా ఇంటికి వచ్చి పడుకున్నాను. చేతులు కట్టేసినవాడి ముందు విస్తరి వేస్తే వాడు ఎలా తింటాడన్న ఇంగితం నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు ఇంటికి వచ్చింది. పనివేళలో అది ఇంటికి రాదు. అరవలేదు. అది అరవకపోతేనే నాకు భయం.

"షెడ్డులో గుడ్డు కంపు కొడుతోంది వదినా. ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎన్నింటికి?"

"ఆ చివరి వరస మొత్తం."

"ఆకలితో చావవు అవి. మురుగుతో చస్తాయి. పద."

వెళ్ళేసరికి ఆ వరసలో తొమ్మిది చచ్చి ఉన్నాయి. అంతటితో పోతే నా పాపం అని ఏడ్చి ఊరుకునేదాన్ని. కాని నీళ్ళు అందరికీ ఒక్కటే కదా. గులకరాళ్ళ తొట్టి మీద తెల్లటి నురగ తేలుతోంది. మిగతా తొమ్మిది వరసల్లోనూ పీతలు నోటి దగ్గర బుడగలు తీస్తున్నాయి. నీళ్ళు మారుద్దామంటే సముద్రపు పాయ నిండా వాననీళ్ళే. ఆడపడుచు ఆ నీళ్ళు దోసిట్లో తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. "తియ్యగా ఉన్నాయి. ఇవి పోస్తే మధ్యాహ్నానికి మిగిలినవీ పోతాయి."

ముప్ఫై ఏళ్ళ దాని బతుకు మీద రెండు గుడ్లు నలిపి పోశానే అనిపించింది. అది మాత్రం గోడకవతల చేపలు ఎండబెట్టే చోటు వైపు చూసింది. అక్కడ రాళ్ళుప్పు బస్తాలు పేర్చి ఉన్నాయి.

ఆ పగలంతా ముగ్గురం గాడిదల్లా మోశాం. మా ఆయన పాయలోంచి బిందెలతో నీళ్ళు తెచ్చి డ్రమ్ముల్లో పోయడం, నేను ఉప్పు కలిపి కర్రతో తిప్పడం, అది నాలుక మీద చుక్క వేసుకుని "ఇంకో దోసెడు" అనో "చాలు" అనో చెప్పడం. సముద్రం రుచి దాని నాలుకకు తెలిసినట్టు ఏ యంత్రానికీ తెలియదు. సగం మురుగు తోడి పారబోశాం. గులకరాళ్ళు నా చేతులతో నేనే కడిగాను. మధ్యలో మా ఆయన నడుం పట్టుకుని, "ఒక్క గుడ్డు పెట్టినా సరిపోయేది కదే, రెండెందుకు పెట్టావ్?" అన్నాడు. ఆ మాటకు కూడా అది నవ్వలేదు.

పొద్దు వాలేసరికి నురగ విరిగింది. పదో పీత చావలేదు.

తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా ఎదుటే కూర్చుని, "అన్నయ్యా, కూరలో ఉప్పు ఎక్కువైందని మీ ఆవిడకు చెప్పు" అనేది. "ఉప్పు కలిపి కలిపి చెయ్యి అలవాటు పడిందని మీ చెల్లెలికి చెప్పండి" అని నేననేదాన్ని. మధ్యలో ఆయన ఎవరి మాటా వినపడనట్టు తినేవాడు. మూడో రోజు అదే దిగి వచ్చింది.

"మధ్యాహ్నం షెడ్డుకు రా వదినా. వట్టి చేతులతో రా."

ఎందుకో వెళితే తెలిసింది. రోజూ మధ్యాహ్నం అది పీతలకు హాజరు తీసుకుంటుంది. మూత ఓరగా తీసి, పుల్లతో పీత కంటిని అలా తాకుతుంది. కన్ను చటుక్కున గూట్లోకి దాచుకుంటే ఉన్నట్టు. దాచుకోకపోతే పోయినట్టు. నాకు ఐదు వరసలు అప్పజెప్పింది. అక్షరాలు కూడబలుక్కుని చదివే నేను ఈ ముసలితనంలో హాజరు పట్టీ వేయడం మొదలుపెట్టాను. బొగ్గుతో గోడ మీద, కన్నుకో గీత.

పదహారో రోజు కన్ను చటుక్కున దాగేది. ఇరవయ్యో రోజుకు ఆలోచించుకుని దాచుకున్నట్టుండేది. ఇరవై మూడో రోజు మొదలుకుని రెండు రోజుల్లో నాలుగు హాజరు పలకలేదు. అది వాటిని తీసి బయట పాతేసి వచ్చింది. ఆ రోజు మెట్టు మీద కూర్చుని, నా వైపు చూడకుండా అంది:

"వదినా, నేను ఓనరుతో గొప్పలు పోయాను. నలభై రెండు రోజులు బతికింది ఒక్క పీత. ఒక్కటే. మిగతావి అన్నాళ్ళుంటాయో లేదో నాకు తెలీదు."

దాని నోట "నాకు తెలీదు" అన్న మాట వినడం నలభై ఎనిమిదేళ్ళలో అదే మొదలు. వేరే రోజైతే పండగ చేసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం, "ఒకటి బతికినప్పుడు మిగతావాటికేం రోగం? లేచి సంచులు తడుపు, ఎండెక్కుతోంది" అన్నాను. లేచింది.

ఇరవై ఏడో రోజు పొద్దున వంతెన మీద లారీ హారను వినిపించింది. ముందు ఓనరు దిగాడు, వెనక సరుకు చూసే మనిషి. ఓనరు మొహం చావింటికి వచ్చినవాడిలా ఉంది. లారీలో తొంగిచూశాను, ఖాళీ గోనెసంచులు, బ్లీచింగు పొడి. పాతిపెట్టడానికే సిద్ధపడి వచ్చాడన్నమాట. ముక్కుకు జేబురుమాలు కూడా కట్టుకున్నాడు.

"ఆ గుడ్డ తియ్యి బాబూ, ఇక్కడెవరూ పోలేదు" అంది మా ముడులమ్మ. "చెప్పులు కూడా తియ్యి."

వాళ్ళిద్దరినీ నిలబెట్టి మొదటి వరస నుంచి హాజరు తీసింది. పుల్ల తాకడం, కన్ను దాగడం. ఒకటి, రెండు, పది, యాభై. వందకొచ్చేసరికి ఓనరు జేబురుమాలు విప్పేశాడు. నూట యాభైకి దాని వెంటే నడుస్తూ తనే లెక్కపెడుతున్నాడు. చివరి పెట్టె మూత పడేసరికి రెండువందల ఇరవై ఏడు.

సరుకు చూసే మనిషి నాలుగైదింటిని తీసి, వెనక కాలి మొదట్లో బొటనవేలితో నొక్కి చూశాడు. మనిషి చిక్కితే బట్ట వదులవుతుంది, పీత చిక్కితే చిప్ప వదులు కాదు. పైకి అంతా నిగనిగలాడుతూనే ఉంటుంది. నొక్కితేనే తెలుస్తుంది.

"పైన పటారం, లోన లొటారం. ప్రాణం ఉంది గాని సరుకు లేదమ్మా. ఇప్పుడైతే తీసుకోను" అన్నాడు.

"ఇప్పుడు తీసుకోమని ఎవరన్నారు?" అంది అది. "గుల్లపీతను నింపడమే కదా ఈ షెడ్డు పని. చచ్చినదాన్ని నింపలేం, బతికినదాన్ని నింపలేమా? నాలుగు వారాలాగి రా. నువ్వు నొక్కితే నీ బొటనవేలే నొప్పెట్టాలి."

ఆ మనిషి నవ్వి, పుస్తకంలో తేదీ రాసుకున్నాడు. ఓనరు బోర్లించిన తొట్టి మీద కూలబడి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా భుజాలు కదిలించాడు.

"పారెయ్యడానికి సంచులు తెచ్చానక్కా."

"మంచి పని చేశావ్, పాతవి చిరిగిపోయాయి. వీటిని తడిపి కప్పు మీద వెయ్యి. తర్వాత లారీ వెనక్కి తిప్పి మేతచేప పట్టుకురా. తాజాగా ఉండాలి, చవగ్గా వచ్చిందని కుళ్ళింది తెచ్చావంటే నీకే పెడతా. షెడ్డు కొంటానన్నవాడెవడైనా ఉంటే అమ్మడం లేదని దారిలోనే చెప్పేసెయ్."

"ఇప్పుడే చెప్పేస్తా అక్కా" అంటూ వట్టి కాళ్ళతోనే లారీ దాకా పరిగెత్తి, మళ్ళీ చెప్పుల కోసం వెనక్కి వచ్చాడు.

చేప వచ్చింది. గోరంత ముక్కలు కోశాం. పస్తున్న కడుపుకు ఒక్కసారి పెద్ద ముక్క పెడితే అదీ మురుగేనట. ముడులమ్మ ఒక్కో పీతను తీసి ముడి కోసి పెట్టెలో దింపుతుంటే, వెనకే నేను ముక్క వేసుకుంటూ వెళ్ళాను. మొదటి పదీ ముక్కను ముట్టుకోలేదు. దాని చేతిలో కత్తి ఆగిపోయింది. పదకొండోది కాసేపు డెక్కలు చాపి చూసుకుని, తనవేనా అని అనుమానం తీర్చుకుని, ముక్కను నెమ్మదిగా నోటికి చేర్చుకుంది. ఇద్దరం ఆ పెట్టె మీద తలలు వాల్చి, ఆ చిన్ని నోటి కదలికనే చూస్తూ ఉండిపోయాం. తర్వాత వెనక్కి వెళ్ళి చూస్తే మొదటి పెట్టెలో ముక్క లేదు. రెండోదాన్లో సగమే ఉంది.

అన్నీ అయ్యాక బయట మెట్టు మీద కూలబడి మంచినీళ్ళడిగింది. ఎత్తిన చెంబు దించకుండా తాగింది. రెండు కాళ్ళూ బారజాపి, "అమ్మో, మోకాళ్ళు వదినా. నెల రోజులుగా చంపేస్తున్నాయి" అంది.

ఇన్ని రోజులూ ఆ మోకాళ్ళ మాటే ఎత్తని మనిషి! నేనూ పక్కన కూర్చుని, దాని కాలు నా ఒళ్ళోకి లాక్కుని పిసకడం మొదలుపెట్టాను.

"అక్కడ కాదు, కొంచెం కిందికి. నీకు కాళ్ళు పట్టడం కూడా రాదు" అంది, కళ్ళు మూసుకుని.